చవగ్గా వస్తున్న పాత ఫోర్‌వీల్ టర్బో బండి: బెజవాడలో ఎవరికి పనికొస్తుంది?

2010లో టాటా ఆరియా వచ్చినప్పుడు షోరూమ్ ధర దాదాపు 13 లక్షల నుంచి 15న్నర లక్షల దాకా ఉండేది. అప్పట్లో టాటా కార్లకు అది చాలా పెద్ద ధర. ఇప్పుడు అదే బండి, అందులోనూ నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే 4x4 రకం, కొత్త చిన్న కారు కంటే తక్కువకే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. స్కోడా యెటీ, రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ (ఇదీ నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే రకమే), మహీంద్రా ఎక్స్‌యూవీ 500 ఏడబ్ల్యూడీల పరిస్థితీ ఇంతే. విజయవాడ, గుంటూరుల్లో పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల్లో ఇవి అరుదుగానే కనిపిస్తాయి. కనిపిస్తే మాత్రం ధర చూసి మనసు లాగుతుంది. టర్బో డీజిల్ ఇంజిన్, పెద్ద డిక్కీ, పైగా ఫోర్‌వీల్ డ్రైవ్. ఇన్ని ఉన్న బండి ఇంత చవకేమిటన్న ప్రశ్న కాస్త ఆలస్యంగా పుడుతుంది.

చవకకు కారణాలు దాచిపెట్టినవేమీ కావు. ఈ మోడళ్లన్నీ కంపెనీలు ఆపేసినవే. డీజిల్ బండికి వయసు మీద పడితే బ్యాంకులు లోను ఇవ్వడానికి వెనకాడతాయి. అన్నిటికీ మించి ఫోర్‌వీల్ డ్రైవ్ అంటే మెకానిక్‌లకే భయం. ఆ భయంలో సగం అనవసరం, మిగతా సగం మాత్రం నిజం. ఆ రెండు సగాల్నీ విడదీసి చూడగలిగినవాళ్లకే ఈ బేరం లాభం.

అసలు ఈ కోరిక ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడాలి. ఈ రెండు ఊళ్లలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు లెక్కలేదు. అక్కడికి వెళ్లినప్పుడు అబ్బాయి నడిపే సుబారు ఔట్‌బ్యాక్‌లో తిరిగొచ్చిన తండ్రికి అలాంటి బండే కావాలనిపిస్తుంది: కారులా కిందికి ఉండి సులువుగా ఎక్కగలిగేది, వెనక పొడవాటి డిక్కీ ఉన్నది, మంచులోనూ బురదలోనూ జారనిది. ఇలాంటి బండికి పాత చరిత్రే ఉంది. సుబారు 1972లోనే లియోన్ ఎస్టేట్ (వెనక పొడవాటి డిక్కీ ఉండే రకం) కారుకు ఫోర్‌వీల్ డ్రైవ్ పెట్టింది. ఆడి 1980లో క్వాట్రోతో టర్బోనీ ఫోర్‌వీల్ డ్రైవ్‌నీ ఒకే కారులో కలిపింది. ఆ తర్వాత వోల్వో వీ70 ఏడబ్ల్యూడీ, ఆడి ఆల్‌రోడ్ లాంటివి వచ్చాయి. అమెరికా నుంచి అలాంటిదొకటి తెప్పించుకుందామంటే కుదరదు. పాత కారు దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్ల లోపుది కావాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, పైగా కారు ధరను మించిన సుంకం కట్టాలి.

మన దేశంలో ఎస్టేట్ కారుకు ఎప్పుడూ గిరాకీ రాలేదు. 1992 నాటి టాటా ఎస్టేట్, మారుతి బలెనో ఆల్టురా, ఇండిగో మెరీనా, ఆక్టేవియా కాంబి వచ్చాయి, పోయాయి. వెనక భాగం పొడవుగా ఉంటే మనవాళ్లకు అంబులెన్స్ గుర్తొస్తుంది. అందుకే ఆ కోరిక తీరే దగ్గరి దారి ఆరియా, యెటీ లాంటివే. ఆరియాను ఎత్తు పెంచిన ఎస్టేట్ అనుకోవచ్చు. యెటీ చూడ్డానికి చిన్నదే అయినా వెనక సీట్లు మొత్తం తీసి పక్కన పెడితే 1,760 లీటర్ల చోటు వస్తుంది. ఊరి నుంచి బియ్యం బస్తాలు, మామిడికాయల బుట్టలు తెచ్చుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక కృష్ణా, గుంటూరు మైదానంలో ఫోర్‌వీల్ డ్రైవ్ అవసరం ఎంత? నిక్కచ్చిగా చెప్పాలంటే చాలామందికి ఏడాదికి ఒక్కసారి కూడా పడదు. 16వ నంబరు జాతీయ రహదారి మీద గుంటూరుకో ఏలూరుకో వెళ్లాలన్నా, 65వ నంబరు మీద హైదరాబాద్ వెళ్లాలన్నా ముందు రెండు చక్రాల పవర్ సరిపోతుంది. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో నాలుగు చక్రాలూ తిరిగినా బండి కదిలేది అంతంతమాత్రమే. మారేడుమిల్లి ఘాట్ ఎక్కడానికి కూడా ఇది అక్కర్లేదు. నిండా జనంతో ఉన్న మామూలు కార్లు రోజూ ఎక్కుతూనే ఉన్నాయి.

అవసరం పడే చోటు ఒకటుంది. తుళ్లూరు, మందడం వైపు, గుంటూరు జిల్లా లోపలి ఊళ్లలో నల్లరేగడి నేల. ఎండాకాలంలో బీటలు వారి రాయిలా ఉంటుంది. రెండు వానలు పడ్డాయంటే జిగురు బురదై టైరు గాళ్లన్నీ పూడుకుపోతాయి. అక్కడ పొలం ఉండి, వానాకాలంలో గట్టు దాకా కారులోనే వెళ్లాల్సినవాళ్లకు వెనక చక్రాలకూ పవర్ ఉంటే బాగా తేడా తెలుస్తుంది. అయితే అక్కడ కూడా మొదటి మాట టైర్లదే. నున్నటి రోడ్డు టైర్లతో నాలుగు చక్రాలు తిరిగితే నాలుగూ కలిసి జారతాయి, అంతే. సూర్యలంక బీచ్‌లో సరదాగా ఇసుకలోకి దింపుదామనుకునేవాళ్లకు ఇంకో హెచ్చరిక. ఈ బండ్లలో ఉన్నది పాత జీపుల్లో ఉండే మొరటు ఫోర్‌వీల్ డ్రైవ్ కాదు. మెత్తటి ఇసుకలో గట్టిగా తొక్కుతూ పోతే క్లచ్ ప్లేట్లు వేడెక్కుతాయి. వాటిని కాపాడుకోవడానికి సిస్టమ్ తనంతట తానే వెనక చక్రాలకు పవర్ ఆపేస్తుంది. సరిగ్గా అవసరమైన క్షణంలో బండి టూవీల్ డ్రైవ్ అయిపోతుందన్నమాట.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే కొనే ముందు ఏం చూడాలో అర్థమవుతుంది. యెటీలో మామూలుగా పవరంతా ముందు చక్రాలకే వెళ్తుంది. వెనక రెండు చక్రాలకూ పవర్ పంచే డిఫరెన్షియల్‌కు ముందు హాల్డెక్స్ అనే కప్లింగ్ ఉంటుంది. అందులో ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్ ప్లేట్లు, వాటిని బిగించే ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు, అన్నిటినీ నడిపే కంట్రోల్ బాక్సు ఉంటాయి. ముందు చక్రం జారబోతోందని సెన్సర్లకు తెలియగానే పంపు ఒత్తిడి పెంచుతుంది, ప్లేట్లు బిగుస్తాయి, పవర్ వెనక్కి వెళ్తుంది. డస్టర్, ఎక్స్‌యూవీల్లో భాగాలు వేరైనా సూత్రం ఇదే. ఆరియాలో వరస తిరగబడి ఉంటుంది. దానిది లారీల్లా ఛాసిస్ మీద కట్టిన బాడీ, మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి, అవసరమైతే ముందు చక్రాలకు పవర్ వస్తుంది.

ప్లేట్లు అరిగే కొద్దీ సన్నటి పొడి ఆ ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే హాల్డెక్స్ ఆయిల్, దాని ఫిల్టరు సుమారు 60,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. ఇంజిన్ ఆయిల్ మార్పించే ఓనర్లు చాలామందే ఉంటారు. వెనక ఇంకో ఆయిల్ ఉందని తెలిసినవాళ్లు తక్కువ. రెండో ఓనరు చేతికి వచ్చేసరికి అసలు ఎవరికీ గుర్తుండదు. పొడి పేరుకుని పంపుకు అడ్డం పడుతుంది, పంపు కాలిపోతుంది. ఆ తర్వాత బండి హాయిగా ముందు చక్రాలతోనే తిరుగుతుంది. చప్పుడుండదు, కుదుపుండదు, మామూలు రోడ్డు మీద తేడాయే తెలియదు. అమ్మేవాడు అబద్ధం చెప్పకపోవచ్చు, తన బండి ఫోర్‌వీల్ కాదన్న సంగతి అతనికీ తెలిసి ఉండకపోవచ్చు.

కాబట్టి బ్యాడ్జీ చూసి డబ్బు లెక్కపెట్టకూడదు, పనిచేస్తోందో లేదో పరీక్షించాలి. కంకర పోసిన వెంచర్ రోడ్డో, ఇసుక పేరుకున్న ఎత్తు రోడ్డో చాలు. స్టీరింగ్ తిన్నగా ఉంచి, డస్టర్ అయితే నాబ్ లాక్‌లోకి తిప్పి, మొదటి గేర్లో ఒక్కసారిగా తొక్కాలి. ఇంకొకరు కాస్త ఎడంగా నిలబడి వెనక చక్రాలు కూడా కంకర చిమ్ముతున్నాయా లేదా చూడాలి. ముందు చక్రాలు గిర్రున తిరిగిపోతూ వెనకవి ఊరికే దొర్లుతుంటే సంగతి తేలిపోయినట్టే. ముందు భాగం జాకీ మీద ఎత్తి ఇంజిన్ రైజ్ చేసి చూద్దామని కొందరు ఉత్సాహపడతారు. ఆ పని అస్సలు చేయకూడదు, వెనక చక్రాలకు పట్టు దొరికిందంటే బండి జాకీ దిగి ముందుకు దూకుతుంది. బండి కంప్యూటర్లలో తప్పుల కోడ్‌లు చూసే స్కానింగ్ కూడా తప్పనిసరి. ఆన్‌లైన్‌లో కొన్న చవక స్కానర్లు ఇంజిన్ కోడ్‌లే చూపిస్తాయి, వెనక కప్లింగ్ కంట్రోల్ బాక్సులోకి వెళ్లలేవు. స్కోడాకైతే ఆ గ్రూపు కార్ల కోసమే తయారైన స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

బెజవాడలో పాత కారు కొనేవాళ్లకు ఇంకే ఊళ్లోనూ లేనంత పెద్ద అనుమానం ఒకటి ఉండాలి: 2024 సెప్టెంబరు వరద. బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్లింది. ఇళ్ల ముందు మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు. కడిగి, సీట్లు ఎండబెట్టి, కొత్త మ్యాట్లు వేసి అమ్మినవి ఎన్నో. ఫోర్‌వీల్ బండికి ఈ ముప్పు మిగతావాటి కంటే ఎక్కువ, ఎందుకంటే దాని ఖరీదైన భాగాలన్నీ అడుగునే ఉంటాయి. వెనక డిఫరెన్షియల్‌కు గాలి పీల్చుకునే చిన్న బ్రీదర్ గొట్టం ఉంటుంది. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని ఆ గొట్టం నుంచే నీటిని లాక్కుంటుంది. కప్లింగ్ కంట్రోల్ బాక్సు కూడా అక్కడే ఉంటుంది, కారు లోపలికి నీళ్లు రాకముందే అది మునుగుతుంది.

దీన్ని పట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ర్యాంప్ ఎక్కించి వెనక డిఫరెన్షియల్ ఫిల్లర్ బోల్టు విప్పించి, వేలు పెట్టి ఆయిల్ చూడాలి. నల్లగానో గోధుమరంగులోనో ఉంటే ఫర్వాలేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు దూరాయని అర్థం, అక్కడితో బేరం ఆపేయాలి. ఆ తర్వాత సీటు బెల్టు చివరిదాకా పూర్తిగా లాగి చూడాలి. పైన కనిపించే మూరెడు శుభ్రంగానే ఉంటుంది, లోపల చుట్టుకుని ఉన్న భాగంలో సన్నటి బురద గీత మిగిలిపోతుంది. స్టెపినీ గుంటలో, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు చూడాలి. ఇన్సూరెన్స్ కాగితం కూడా కథ చెబుతుంది. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ సున్నాకు పడిపోతుంది. వరద తర్వాత రెన్యువల్‌లో బోనస్ సున్నా ఉంటే ఎందుకని అడగాలి. ఓనరు మారినా సున్నా అవుతుంది, ఎందుకంటే ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. అందుకే ఆర్సీలో పేరు మారిన తేదీ కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

టర్బో విషయంలో భయం ఎక్కువ, నిజం తక్కువ. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెడుతూ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో చక్రాన్ని కాపాడేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ వేళకు మారిస్తే టర్బో ఇంజినంత కాలం ఉంటుంది. లేదంటే ముందు పోయేది అదే. చిత్రమేమిటంటే హైవే మీద లక్షన్నర కిలోమీటర్లు పరిగెత్తిన బండి కంటే వన్‌టౌన్ సందుల్లో 60,000 తిరిగిన బండి టర్బోకే ముప్పు ఎక్కువ. నెమ్మదిగా తిరిగే డీజిల్ ఇంజిన్లో మసి బయటికి పోదు, టర్బో లోపలి కదిలే రెక్కల మీద పేరుకుని వాటిని బిగించేస్తుంది. రీడింగ్ తక్కువని సంబరపడేవాళ్లు ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోవాలి. అసలా రీడింగ్ తిప్పిందో కాదో వేరే గొడవ.

పరీక్షకు వారధి దాటి మంగళగిరి వైపు హైవే సరిపోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేర్లో 1,500 ఆర్పీఎం దగ్గర నుంచి నిండా తొక్కాలి. యెటీ 2.0 డీజిల్‌లో 1,750 దగ్గర, ఎక్స్‌యూవీలోని ఎంహాక్ ఇంజిన్లో 1,600 దగ్గర లాగుడు నిండుగా అందాలి. అక్కడ మందకొడిగా ఉండి ఆలస్యంగా ఎగిరి పడితే రెక్కలు బిగుస్తున్నాయి. మధ్యలో ఒక్కసారిగా పవర్ చచ్చిపోయి ఇంజిన్ లైటు వెలిగితే బండి తనను తాను కాపాడుకునే మోడ్‌లోకి వెళ్లింది. నల్ల పొగతో పాటు ఈల శబ్దం వస్తే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం ఎక్కడో చిట్లి ఉండొచ్చు. అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది. నీలం పొగ మాత్రం మంచి లక్షణం కాదు. ఉదయాన్నే చల్లగా ఉన్న ఇంజిన్ను మన ఎదుటే స్టార్ట్ చేయించుకోవాలి. మనం వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, ఎందుకు ముందే స్టార్ట్ చేశారని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

టైర్లు నాలుగూ ఒకే కంపెనీవి, ఒకేలా అరిగినవి అయి ఉండాలి. చుట్టుకొలతలో తేడా ఉంటే చక్రాలు జారుతున్నాయని సిస్టమ్ పొరబడి కప్లింగ్‌ను అదే పనిగా పనిచేయిస్తుంది. ఒక టైరు చిరిగినా ఒక్కోసారి నాలుగూ మార్చాల్సి రావచ్చు. ఆరియా, ఎక్స్‌యూవీలవి 235/65 ఆర్17 సైజు, ఇవి చిన్న కారు టైర్ల ధరకు రావు. యెటీ, డస్టర్ డీజిల్ ఇంజిన్లకు టైమింగ్ బెల్టు ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు కూడా కలుపుకోవాలి.

ఏ బండి అన్న ప్రశ్నకు జవాబు సగం ఆటోనగర్‌లోనే ఉంది. జవహర్ ఆటోనగర్‌లో ఇంజిన్ దించి బోరు పని చేసే చేతులకు కొదవ లేదు, కానీ ఆ చేతులు ఏ ఇంజిన్‌కు అలవాటు పడ్డాయన్నది ముఖ్యం. ఆరియాలోది సఫారీలో వచ్చిన 2.2 డైకార్ కుటుంబమే. సామాన్లు దొరుకుతాయి, తెలిసినవాళ్లూ ఉన్నారు. బండి బరువు రెండు టన్నుల పైమాటే కాబట్టి మైలేజీ మీద ఆశ పెట్టుకోకూడదు. ఆంధ్రలో డీజిల్ ధర పక్క రాష్ట్రాల కంటే ఎక్కువన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఎక్స్‌యూవీ ఎంహాక్ ఇంజిన్ గురించి బెంగే అక్కర్లేదు. దాని ఏడబ్ల్యూడీ భాగాలు మాత్రం అమ్ముడైన బండ్లే తక్కువ కాబట్టి అరుదు. డస్టర్‌కు 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, పొట్టి మొదటి గేరు, తక్కువ బరువు. పొలం దారికి ఈ నాలుగింటిలో నిజంగా పనికొచ్చేది అదే. యెటీ నడపడానికి వీటన్నిటికంటే హాయిగా ఉంటుంది. ఇంజిన్ సామాన్లు స్కోడా వాళ్లవే అయిన లారా, సూపర్బ్ కార్ల పుణ్యమా అని దొరుకుతాయి. కప్లింగ్, బాడీ సామాన్ల కోసం బెంగళూరుకో ఢిల్లీకో ఫోన్లు చేస్తూ బండిని వారాల తరబడి షెడ్డులో వదిలేసే ఓపిక ఉండాలి. ఇంట్లో ఇంకో కారు లేనివాళ్లు యెటీ జోలికి పోకపోవడమే మంచిది.

కాగితాల దగ్గర ఇంకో వల ఉంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) పెట్టిన ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటి నుంచి అక్కడి డీజిల్ బండ్లు చవగ్గా దక్షిణాదికి దిగుతున్నాయి. చూడ్డానికి నిగనిగలాడుతూ, ఇక్కడి ధర కంటే బాగా తక్కువకు వస్తాయి. కానీ వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఎన్‌వోసీ అసలు చేతికి రాకుండా, తెప్పిస్తామన్న మాట మీద డబ్బులివ్వకూడదు. బ్రోకరు చెప్పే ట్యాక్స్ అంకె నమ్మకుండా రవాణా శాఖ ఆఫీసులోనే కనుక్కోవాలి. ఇవన్నీ కలిపితే ఖర్చు తడిసి మోపెడై, ఇక్కడి ఏపీ 16 నంబరు బండే చవకని తేలడం మామూలే.

వయసు లెక్క కూడా చూడాలి. సొంత వాడకపు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. 2010 చివర్లో, 2011లో రోడ్డెక్కిన ఆరియా, యెటీలకు ఆ గడువు 2025–26లోనే నిండుతోంది. తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకు రెన్యువల్ చేస్తారు. 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు 5,000 రూపాయలైంది. ఫీజు కంటే తనిఖీకి బండిని సిద్ధం చేసే ఖర్చే ఎక్కువ. గడువు దగ్గర పడ్డ బండిని ఓనరు హడావుడిగా అమ్ముతున్నాడంటే ఆ ఖర్చు మన నెత్తిన పెడుతున్నట్టే. రెన్యువల్ చేయించి ఇవ్వమని అడగడం తప్పేమీ కాదు.

ఇక డబ్బు. ఈ రకం బండికి చేతిలో ఉన్నదంతా పెట్టి కొనడం పొరపాటు. కొన్న ధరలో కనీసం మూడో వంతు విడిగా ఉండాలి, అదీ మొదటి ఏడాదిలోనే ఖర్చవుతుందనుకుని. అన్ని ఆయిళ్లు, బెల్టు, టైర్లు, క్లచ్‌తో పాటు ఇంజిన్ కుదుపులను తగ్గించే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ మార్చాల్సి వస్తే ఆ మూడో వంతు ఏ మూలకూ చాలకపోవచ్చు. లోను మీద కొని రిపేర్లకు మళ్లీ అప్పు చేసేవాళ్లకు ఇది బండి కాదు, నెలనెలా టెన్షన్.

పొలం అవసరం లేదు, ఘాట్లలో బురద దారులు పట్టే అలవాటు లేదు, కావల్సింది చోటు, హైవే మీద లాగుడు మాత్రమే అయితే ఇదే ఎక్స్‌యూవీ, ఇదే డస్టర్ టూవీల్ డ్రైవ్‌లో తీసుకోవడం తెలివైన పని. దొరికేవి ఎక్కువ, ఏరుకోవడానికి వీలుంటుంది, వెనక కప్లింగ్ గొడవే ఉండదు. ఒకవేళ 4x4 బండే బాగా నచ్చి, పరీక్షలో వెనక చక్రాలు పనిచేయడం లేదని తేలితే బేరం ఒక్క పద్ధతిలోనే సాగాలి. టూవీల్ రకం బండికి ఎంత ఇస్తామో అంతకంటే కిందే మొదలుపెట్టాలి, ఎందుకంటే పనిచేయని షాఫ్టునూ డిఫరెన్షియల్‌నూ మోస్తూ డీజిల్ తాగేది ఆ బండే. అమ్మేవాడు ‘చిన్న పంపే కదా, మార్చుకుంటే సరి’ అంటే, అది మార్పించి, కంకర రోడ్డు మీద చూపించాకే అడ్వాన్స్ ఇస్తామని చెప్పాలి.